కొరత నుంచి పుట్టే గట్టిదనం

ఇంజనీరింగ్ పుస్తకాల చివరి పట్టికల్లో ప్రతి లోహం పేరుకూ ఎదురుగా దాని బలాన్ని చెప్పే అంకె ఒకటి ఉంటుంది. వంతెన దూలానికైనా సైకిలు చువ్వకైనా లెక్కలు వేసేవారు ఆ అంకెనే వాడతారు. బలమనేది లోహానికి చెందిన గుణమే గాని లోహపు ముక్క పరిమాణానికి చెందినది కాదని ఇంజనీర్లు తరతరాలుగా నమ్ముతూ వచ్చారు. కడ్డీని లాగి తెంచడానికి కావలసిన భారం దాని పొడవుతో నిమిత్తం లేకుండా మందాన్ని బట్టి మారుతుందని గెలీలియో 1638లో అచ్చయిన తన చివరి గ్రంథంలో వివరించాడు. భారాన్ని అడ్డుకోత వైశాల్యంతో భాగిస్తే వచ్చే ‘ప్రతిబలం’ అనే రాశి ఆ ఆలోచనకు తర్వాతి కాలం ఇచ్చిన గణితరూపం. పరిమాణాన్ని లెక్కలోంచి తీసివేయడమే ఆ భాగహారం ఉద్దేశం, మిల్లీమీటర్ల స్థాయి వరకూ ఆ ఉద్దేశం చక్కగా నెరవేరింది కూడా. అయితే లోహపు ముక్క మందం కొన్ని మైక్రాన్లకు, అంటే మిల్లీమీటరులో కొన్ని వెయ్యో వంతులకు తగ్గినప్పుడు, అదే లోహం అదే స్వచ్ఛతతో ఉన్నప్పటికీ పట్టికలోని అంకెకు అనేక రెట్ల ప్రతిబలాన్ని తట్టుకుంటుంది. పెద్ద లోహాన్ని గట్టిపరిచే కారణం ఏదో, చిన్న లోహాన్ని గట్టిపరిచే కారణం దానికి దాదాపు తలకిందులు కావడమే ఈ విషయంలోని అసలు విశేషం.

ప్రతిబలాన్ని పాస్కల్‌లలో కొలుస్తారు. ఒక చదరపు మిల్లీమీటరు మీద దాదాపు 100 గ్రాముల బరువు పెడితే కలిగే ప్రతిబలం ఒక మెగాపాస్కల్. అదే చోటు మీద దాదాపు 100 కిలోల బరువు పెడితే ఒక గిగాపాస్కల్. ప్రతిబలం వల్ల ముక్క కొలతలో వచ్చిన మార్పు అసలు కొలతలో ఎన్నో వంతో చెప్పే రాశిని ‘వికృతి’ అంటారు. భారం తక్కువగా ఉన్నంతవరకూ లోహం స్థితిస్థాపకంగా ఉంటుంది, అంటే భారం తీయగానే మునుపటి ఆకారానికి వచ్చేస్తుంది. ఒక హద్దు దాటాక మాత్రం వంగినది వంగినట్టే, సాగినది సాగినట్టే ఉండిపోతుంది. ఇలా శాశ్వతంగా మిగిలే మార్పు ప్లాస్టిక్ వికృతి, అది మొదలయ్యే ప్రతిబలం ఆ లోహపు లొంగుబాటు బలం. ఇళ్ల నిర్మాణంలో ఇనుప కడ్డీలను కట్టే బైండింగ్ వైరును ఒకచోట వంచి, తిరిగి నిటారుగా చేయబోతే, పాత వంపు పూర్తిగా పోకుండానే దాని పక్కన కొత్త వంపు పడుతుంది. వంగినచోట లోహం గట్టిపడి, పక్కనున్న భాగం ఇంకా మెత్తగానే ఉండడం అందుకు కారణం. బంగారాన్ని సాగగొట్టే కంసాలి మధ్యమధ్య దాన్ని కాచి మెత్తబరుచుకునేది కూడా ఇందుకే. వికృతి పెరిగినకొద్దీ వచ్చే ఈ గట్టిదనాన్ని వికృతి దృఢీకరణం అంటారు.

గట్టిపడడం సంగతి అలా ఉంచితే, లోహాలు అసలు అంత తేలిగ్గా ఎందుకు లొంగుతున్నాయన్నదే మొదట శాస్త్రజ్ఞులను వేధించిన ప్రశ్న. లోహంలో పరమాణువులు స్ఫటికరూపంలో, అంటే వరుసలు వరుసలుగా, పొరలు పొరలుగా అమరి ఉంటాయి, ప్లాస్టిక్ వికృతి జరిగినప్పుడు ఒక పొర మీద మరొక పొర జారుతుంది. పొర మొత్తం ఒక్కుమ్మడిగా జారాలంటే ఎంత ప్రతిబలం కావాలో 1926లో సోవియట్ భౌతికశాస్త్రజ్ఞుడు యాకొవ్ ఫ్రెంకెల్ లెక్కకట్టాడు. ఆకారం మార్పును లోహం ఎంతగా ప్రతిఘటిస్తుందో చెప్పే దృఢతా గుణకంలో దాదాపు ఆరో వంతు కావాలని తేలింది. రాగికి ఆ లెక్కన 7 గిగాపాస్కల్‌లకు పైగా కావాలి. స్వచ్ఛమైన, మెత్తబరిచిన రాగి స్ఫటికమైతే ఒక మెగాపాస్కల్ ప్రాంతంలోనే జారడం మొదలుపెడుతుంది. సిద్ధాంతానికీ అనుభవానికీ మధ్య తేడా వేల రెట్లు ఉన్నప్పుడు లెక్కలో ఏదో చిన్న పొరపాటు జరిగిందని సరిపెట్టుకోవడం కుదరదు, పొర మొత్తం ఒకేసారి జారుతుందన్న ఊహనే వదులుకోవాలి.

1934లో జెఫ్రీ టేలర్, ఈగాన్ ఒరొవాన్, మైకేల్ పొలాన్యీ ముగ్గురూ ఎవరికి వారుగా ఆ ఊహను వదిలి, దాని స్థానంలో మరొకదాన్ని ప్రతిపాదించారు. స్ఫటికంలోని ఒక పొరలో కొంతభాగం ఒక అడుగు జారి, మిగతా భాగం ఇంకా జారకుండా ఉంటే, ఆ రెంటి మధ్య సరిహద్దుగా ఒక గీత ఏర్పడుతుంది, ఆ గీత పొడవునా పరమాణువుల పొందిక చెదిరి ఉంటుంది. దాని పేరు డిస్‌లొకేషన్. తిరుమల క్యూలో ముందున్న వ్యక్తి ఒక అడుగు వేయగానే అతని వెనక ఏర్పడిన ఖాళీ ఒక్కొక్కరినీ దాటుకుంటూ వరుస చివరిదాకా ప్రయాణించినట్టే, డిస్‌లొకేషన్ స్ఫటికం ఒక అంచు నుంచి మరొక అంచుకు సాగిపోతుంది. ఏ క్షణంలోనైనా కదిలేవి దాని దగ్గరున్న కొద్ది పరమాణువులే అయినా, అది అవతలి అంచు దాటి బయటపడేసరికి పొర మొత్తం ఒక పరమాణు దూరం జరిగిపోయి ఉంటుంది. వేల రెట్లు తక్కువ భారానికే లోహం లొంగడం వెనుక ఉన్న రహస్యం ఇదే. ఇరవై ఏళ్లకు పైగా కాగితం మీద మాత్రమే ఉన్న ఈ గీతలను 1956లో కేంబ్రిడ్జిలో పీటర్ హిర్ష్, ఆయన సహచరులు పలుచని అల్యూమినియం రేకులో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూశారు, కదులుతుండగా కూడా చూశారు.

డిస్‌లొకేషన్లు లోహాన్ని లొంగదీసే సాధనాలైతే అవి పెరిగినకొద్దీ లోహం ఇంకా మెత్తబడాలి గదా అనిపించవచ్చు. జరిగేది దానికి విరుద్ధం. రెండు చివరలా బంధింపబడి ఉన్న డిస్‌లొకేషన్ ముక్క మీద ప్రతిబలం పెరిగినప్పుడు అది విల్లులా వంగి, చివరికి తన చుట్టూ తాను తిరిగి ఒక పూర్తి వలయాన్ని విడిచిపెట్టి మళ్లీ మొదటి స్థితికి వస్తుందని 1950లో చార్లెస్ ఫ్రాంక్, థార్న్‌టన్ రీడ్ చూపించారు. అలాంటి ఒక్క ముక్క వలయం తర్వాత వలయంగా వందల డిస్‌లొకేషన్లను పుట్టించగలదు. పుట్టినవి వేర్వేరు దిశల్లో సాగుతూ ఒకదాన్నొకటి కోసుకుంటాయి, ముడులు పడతాయి, ఒకదాని దారికి మరొకటి అడ్డమవుతుంది. లొంగుబాటు బలం డిస్‌లొకేషన్ల సాంద్రత వర్గమూలానికి అనుపాతంలో పెరుగుతుందన్నది టేలర్ పేరు మీద నిలిచిన సూత్రం. చక్కగా కాచి మెత్తబరిచిన లోహంలో ఒక ఘన సెంటీమీటరులో ఉన్న డిస్‌లొకేషన్లన్నింటినీ ఒకదానికొకటి చేర్చి సాగదీయగలిగితే ఆ పొడవు పది కిలోమీటర్ల నుంచి వెయ్యి కిలోమీటర్ల దాకా ఉంటుంది. అదే లోహాన్ని గట్టిగా సాగగొట్టాక ఆ పొడవు పది లక్షల కిలోమీటర్లకు చేరుతుంది. బైండింగ్ వైరు వంపులో జరిగింది ఇదే. పెద్ద లోహం గట్టిపడేది రద్దీ వల్ల.

ఈ అంకెలనే ఒక చిన్న ముక్కకు అన్వయిస్తే విషయం ఎటు తిరుగుతుందో చూడవచ్చు. ఘన సెంటీమీటరుకు వెయ్యి కిలోమీటర్ల డిస్‌లొకేషన్లున్న లోహంలో రెండు పక్కపక్క గీతల మధ్య సగటు దూరం దాదాపు ఒక మైక్రాన్. అదే లోహం నుంచి ఒక మైక్రాన్ వ్యాసం, మూడు మైక్రాన్ల ఎత్తు ఉన్న స్తంభాన్ని చెక్కితే, ఆ స్తంభంలోని డిస్‌లొకేషన్ల మొత్తం పొడవు సగటున రెండున్నర మైక్రాన్లకు మించదు, అంటే స్తంభం ఎత్తంత కూడా ఉండదు. ఒక స్తంభంలో రెండు మూడు గీతలుండవచ్చు, పక్కనే చెక్కిన మరొక స్తంభంలో ఒక్కటీ లేకపోవచ్చు. కోట్లాది గీతల సగటు ప్రవర్తనను వర్ణించడానికి తయారైన ‘బలం’ అనే భావన, గీతలను వేళ్ల మీద లెక్కించగలిగిన చోట పాత అర్థంతో నిలబడలేదు.

చిన్నవి బలమైనవన్న సూచన 1950ల నుంచే ఉంది. టెలిఫోన్ పరికరాల్లో తగరపు పూత మీద వాటంతటవే మొలిచి, తీగల మధ్య అడ్డంపడి విద్యుత్తును దారి తప్పించే సన్నని లోహపు నూగును బెల్ ప్రయోగశాలల్లో కోనియర్స్ హెరింగ్, జాన్ గాల్ట్ పరీక్షించి, ఆ తగరపు నూగుపోగులు మామూలు తగరం ఏనాడో శాశ్వతంగా వంగిపోయేంత వంపును తట్టుకుని, వదలగానే తిరిగి నిటారుగా నిలుస్తున్నాయని 1952లో తెలిపారు. 1956లో ఎస్.ఎస్. బ్రెన్నర్ పెంచిన ఇనుప పోగుల్లో అత్యంత సన్ననిది 13 గిగాపాస్కల్‌ల దాకా నిలిచింది, మామూలు స్వచ్ఛమైన ఇనుమైతే అందులో వందో వంతు కూడా తట్టుకోదు. అయితే ఇవన్నీ పరమాణువు మీద పరమాణువు చేరి దాదాపు లోపరహితంగా పెరిగిన పోగులు, జారడానికి వాటిలో డిస్‌లొకేషన్లే లేవు. మామూలు లోహాన్ని, అందులోని లోపాలతో సహా, కేవలం చిన్నదిగా చేస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు ఆ పోగులు సమాధానం కాలేవు.

సమాధానంలో ఒక భాగం 1994లో రాగితీగల నుంచి వచ్చింది. నార్మన్ ఫ్లెక్, మైకేల్ ఆష్బీ తదితరులు 12 మైక్రాన్ల నుంచి 170 మైక్రాన్ల దాకా మందమున్న రాగితీగలను ఒకవైపు లాగి చూశారు, మరొకవైపు మెలిపెట్టి చూశారు. లాగినప్పుడు సన్నవాటికీ లావువాటికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మెలిపెట్టినప్పుడు మాత్రం, మందం తేడాను లెక్కలో సరిచేశాక కూడా, అతి సన్ననివి అతి లావువాటికంటే మూడు రెట్లు గట్టిగా నిలిచాయి. లాగినప్పుడు తీగ అంతటా వికృతి ఒకేలా ఉంటుంది. మెలిపెట్టినప్పుడు తీగ నడిమధ్యన వికృతి సున్నా, ఉపరితలం దగ్గర అత్యధికం. ఒక చోటి నుంచి మరొక చోటికి వికృతి మారుతున్నప్పుడు, స్ఫటికం చీలిపోకుండా ఆ తేడాను సర్దుకోవడానికి అదనపు డిస్‌లొకేషన్లు ఉండి తీరాలి, తీగ ఎంత సన్ననిదైతే అదే మెలికకు ఆ అదనపు సాంద్రత అంత ఎక్కువవుతుంది. వజ్రపు సూదిమొనను లోహంలోకి కొద్దిగా గుచ్చినప్పుడు లోతుగా గుచ్చినప్పటికంటే లోహం గట్టిగా అనిపించడానికి కూడా ఇదే కారణమని విలియం నిక్స్, హువాజియన్ గావ్ 1998లో ఒక సరళమైన సూత్రంతో చూపారు. ఈ వివరణ ఎంత అందమైనదైనా, అది ఇంకా రద్దీ వివరణే. వికృతి అంతటా సమానంగా ఉండేలా నొక్కితే చిన్న ముక్కకు అదనపు బలమేదీ ఉండకూడదని దాని తాత్పర్యం.

దాన్ని పరీక్షించిన ప్రయోగం 2004లో వెలువడింది. అమెరికాలోని ఓహయో రాష్ట్రంలో వైమానికదళ పరిశోధనశాలలో పనిచేసే మైకేల్ ఉచిక్, డెనిస్ డిమిడక్, స్టాన్‌ఫర్డ్‌కు చెందిన నిక్స్ తదితరులతో కలిసి, ఎలక్ట్రానిక్ చిప్‌లను కోసి పరీక్షించడానికి వాడే పరికరాన్నే లోహాలను చెక్కే ఉలిగా మార్చుకున్నారు. గాలియం అనే లోహపు అయాన్లను, అంటే విద్యుదావేశమున్న పరమాణువులను, వేల వోల్టుల విద్యుత్తుతో వేగవంతం చేసి సన్నని పుంజంగా లోహం మీదికి వదిలితే, అవి తాకినచోటల్లా పరమాణువులు చెదిరి లేచిపోతాయి. ఆ పుంజాన్ని వలయాకారంలో తిప్పుతూ పోతే చుట్టూ గొయ్యి పడి నడుమ ఒక స్తంభం మిగులుతుంది. దాని అడుగు పెద్ద లోహానికే అంటుకుని ఉంటుంది గనుక దాన్ని ఎత్తి మరొక చోట నిలబెట్టాల్సిన పని లేదు. చెక్కే లోహం ఏకస్ఫటికం, అంటే ఆ చివర నుంచి ఈ చివరదాకా పరమాణువుల వరుస ఒకే దిశలో ఉన్న ముక్క. అలాంటి ఏకస్ఫటికాలు ప్రయోగశాలకే పరిమితమైనవి కావు. విమానపు ఇంజన్లలో అతి వేడి చోట తిరిగే బ్లేడ్లను నికెల్ మిశ్రమలోహపు ఏకస్ఫటికాలుగానే పోతపోస్తారు, హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాల హెలికాప్టర్ ఇంజను కోసం అలాంటి బ్లేడ్లను తయారుచేసినట్టు 2021లో ప్రకటన వెలువడింది.

స్తంభం తయారయ్యాక, చివర చదునుగా ఉన్న వజ్రాన్ని దాని తల మీదికి నెమ్మదిగా దించుతారు. ఒక మైక్రాన్ వ్యాసమున్న స్తంభం మీద 300 మెగాపాస్కల్‌ల ప్రతిబలం కలిగించడానికి కావలసిన బరువు దాదాపు 25 మిల్లీగ్రాములే, ఒక బియ్యపు గింజ బరువంత. కాబట్టి గది నేల అదురు, గాలి వేడిలో వచ్చే కొద్దిపాటి మార్పు కూడా కొలతను పాడుచేయగలవు. పెద్ద ముక్కను నొక్కినప్పుడు భారం, కుదింపు మధ్య గీసిన రేఖ నున్నగా పైకి సాగుతుంది. చిన్న స్తంభాల్లో ఆ రేఖ మెట్లుమెట్లుగా వచ్చింది. భారం పెరుగుతున్నా కొంతసేపు ఏమీ జరగదు. హఠాత్తుగా స్తంభం ఒక్క గంతులో కుదించుకుపోతుంది. మళ్లీ నిశ్శబ్దం, మళ్లీ గంతు. ఆ తర్వాత సూక్ష్మదర్శినిలో చూస్తే స్తంభం పక్కల మీద ఏటవాలుగా జారిన పలకల అంచులు వరుసగా కనిపిస్తాయి. వ్యాసం తగ్గినకొద్దీ బలం పెరిగింది, వికృతి అంతటా సమానంగా ఉండేలా నొక్కినప్పటికీ పెరిగింది. మరుసటి ఏడాది జూలియా గ్రియర్, నిక్స్ బృందం బంగారంతో అదే ప్రయోగం చేసి, 400 నానోమీటర్ల ప్రాంతంలో, అంటే మైక్రాన్‌లో సగానికంటే తక్కువ వ్యాసంలో, పెద్ద ముక్కల బలానికి పదుల రెట్లు ఎక్కువ బలాన్ని కొలిచింది. మెత్తదనానికి మారుపేరైన బంగారం ఆ కొలతలో నిర్మాణాలకు వాడే ఉక్కును మించి నిలబడింది.

రద్దీ వివరణ పనికిరాని ఈ చోట రెండు వేర్వేరు ఆలోచనలు ముందుకొచ్చాయి. మొదటిది డిస్‌లొకేషన్లను పుట్టించే వంపుముక్కల పొడవుకు సంబంధించినది. ముక్క ఎంత పొట్టిదైతే దాన్ని వంచి వలయం తీయడానికి అంత ఎక్కువ ప్రతిబలం కావాలి; స్థూలంగా దృఢతా గుణకాన్ని పరమాణు దూరంతో గుణించి ఆ ముక్క పొడవుతో భాగిస్తే ఆ ప్రతిబలం వస్తుంది. రాగిలో ముక్క పొడవు ఒక మైక్రాన్ అయితే 12 మెగాపాస్కల్‌లు, అందులో పదో వంతైతే 120 మెగాపాస్కల్‌లు. పెద్ద లోహంలో పొడవాటి ముక్కలు ఎక్కడో ఒకచోట ఉంటాయి, అవే ముందుగా పని మొదలుపెడతాయి. స్తంభం ఆ ముక్కలన్నింటినీ తన గోడల దగ్గర కోసేస్తుంది. మిగిలేది ఒక చివర లోపల బంధింపబడి, మరొక చివర గోడను తాకే పొట్టి ముక్కలు, వాటి పొడవు స్తంభం వ్యాసాన్ని మించలేదు. ఒక స్తంభంలో అలాంటి ముక్కలు కొన్నే ఉంటాయి గనుక వాటిలో అత్యంత పొడవైనది ఎంత పొడవున్నదనేది చాలావరకు అదృష్టం మీద ఆధారపడుతుంది, అందుకే ఒకే కొలతలో చెక్కిన రెండు స్తంభాల బలాలు కూడా కలవవు. పార్థసారథి, రావు, డిమిడక్, ఉచిక్ తదితరులు 2007లో ఈ సంభావ్యతను లెక్కకట్టి, కొలిచిన బలాలకూ వాటి చెదురుకూ దగ్గరగా వచ్చే అంకెలను రాబట్టారు.

రెండో ఆలోచన గ్రియర్, నిక్స్‌లది, అది మరింత సాహసోపేతమైనది. స్తంభం చాలా చిన్నదైతే, కదిలే డిస్‌లొకేషన్ ఇంకొకదాన్ని పుట్టించేలోపే గోడను చేరుకుని బయటికి జారిపోతుంది. పుట్టేవాటికంటే పోయేవి ఎక్కువైతే స్ఫటికం క్రమంగా ఖాళీ అవుతుంది, ఆ తర్వాత వికృతి కొనసాగాలంటే కొత్త డిస్‌లొకేషన్ ఉపరితలం నుంచి పుట్టాలి, దానికి చాలా పెద్ద ప్రతిబలం కావాలి. 2008లో షాన్, మిశ్రా, సయ్యద్ ఆసిఫ్, వారెన్, మైనర్ ప్రచురించిన ప్రయోగం దీన్ని కళ్లకు కట్టింది. వాళ్లు కొన్ని వందల నానోమీటర్లకు మించని నికెల్ స్తంభాన్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని లోపలే నొక్కుతూ చిత్రీకరించారు. మొదట స్తంభం నిండా చిక్కులుపడిన డిస్‌లొకేషన్ల నల్లని గీతలు కనిపిస్తాయి. వజ్రం తాకి భారం పెరగగానే ఆ గీతలు కదిలి, ఒకటొకటిగా, కొన్నిసార్లు గుంపుగా మాయమవుతాయి. కొద్దిసేపటికి స్తంభం లోపల ఒక్క గీత కూడా లేకుండా శుభ్రమవుతుంది, అప్పటినుంచి దాని బలం మునుపటికంటే పెరుగుతుంది. కంసాలి కొలిమిలో పెట్టి సాధించే శుభ్రతను ఇక్కడ వట్టి నొక్కుడే సాధించింది, కాని ఫలితం వేరు: కొలిమిలో శుభ్రపడిన పెద్ద లోహం మెత్తబడితే, నొక్కుడుతో శుభ్రపడిన చిన్న లోహం గట్టిపడింది. ఒకచోట డిస్‌లొకేషన్లు ఎక్కువై లోహం గట్టిపడుతుంది, మరొకచోట అవి కరవై గట్టిపడుతుంది.

ఇంతటి ఆకర్షణ ఉన్న ఫలితాన్ని ‘చిన్నదైతే బలమైనది’ అని ఒక నినాదంగా కుదించడం తేలిక, అది తొందరపాటు కూడా. గాలియం అయాన్లు తాము చెక్కిన గోడల్లోకి కొన్ని పదుల నానోమీటర్ల లోతున దిగబడి, అక్కడి స్ఫటికాన్ని గాయపరుస్తాయి. కొలిచినది లోహపు బలమా, ఆ గాయం బలమా అన్న అనుమానం మొదటినుంచీ ఉంది. ఈ అనుమానాన్ని అత్యంత నిశితంగా ఎత్తిచూపినవి బెయ్, జార్జ్, ఫార్ తదితరుల మాలిబ్డినం పోగులు. నికెల్-అల్యూమినియంలో మాలిబ్డినం సన్నని పోగులుగా గడ్డకట్టేలా మిశ్రమాన్ని పోతపోసి, చుట్టూ ఉన్న లోహాన్ని ఆమ్లంతో కరిగిస్తే, అయాన్లు తాకని, డిస్‌లొకేషన్లు లేని పోగులు బయటపడతాయి. వాటిని నొక్కితే వ్యాసం ఎంతైనా అన్నీ ఇంచుమించు ఒకే ప్రతిబలం దగ్గర, 9 గిగాపాస్కల్‌ల ప్రాంతంలో, అకస్మాత్తుగా లొంగాయి. వ్యాసానికి బలంతో సంబంధమే కనిపించలేదు. అదే పోత ముక్కను ముందుగా కొంత అణచి, పోగుల్లోకి డిస్‌లొకేషన్లను ఎక్కించి, ఆ తర్వాత కరిగించి పరీక్షిస్తే బలం పడిపోయింది, ఒక్కో పోగుది ఒక్కో తీరుగా చెదిరిపోయింది, ఇంకా అణచినప్పుడు పెద్ద లోహపు ప్రవర్తన తిరిగి కనిపించింది. వ్యాసం తనంతట తాను బలాన్ని ఇవ్వదని, లోపల ఎన్ని డిస్‌లొకేషన్లున్నాయి, వాటికి ఎంత చోటుంది అన్న రెండింటి మధ్య నిష్పత్తిని మార్చడం ద్వారానే ఇస్తుందని ఈ పోగులు చెప్పినంత స్పష్టంగా మరే ప్రయోగమూ చెప్పలేదనవచ్చు. అయాన్ల ప్రసక్తి లేకుండా, అచ్చుల్లో విద్యుత్ పద్ధతిలో రాగిని నింపి పెంచిన స్తంభాలు 2010లో అయాన్లతో చెక్కినవాటి దారిలోనే నడిచాయి. వాటిలో మొదటినుంచీ డిస్‌లొకేషన్లుండడమే కారణం. అనుమానానికి రెండు వైపుల నుంచీ ఒకే జవాబు దొరికినట్టయింది.

లోహపు రకాన్ని బట్టి కూడా తేడాలున్నాయి. బంగారం, రాగి, నికెల్ వంటివాటిలో వ్యాసం సగానికి తగ్గితే బలం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. మాలిబ్డినం, టంగ్‌స్టన్ వంటి లోహాల్లో మామూలు ఉష్ణోగ్రత వద్ద ఒక రకం డిస్‌లొకేషన్లు మందకొడిగా కదులుతాయి గనుక గోడను చేరేలోపు అవి సంతానాన్ని పెంచుకునే వ్యవధి దొరుకుతుంది, కరవు అంత తేలిగ్గా రాదు, పరిమాణ ప్రభావం అంత తీవ్రంగా ఉండదు.

మెట్లుమెట్లుగా వచ్చిన ఆ రేఖకు ఇంజనీర్ల దృష్టిలో బలంకంటే ఎక్కువ ప్రాముఖ్యం ఉంది. గంతుల పరిమాణాలను డిమిడక్ బృందం 2006లో వర్గీకరించి చూస్తే, చిన్న గంతులు చాలా ఎక్కువగా, పెద్దవి అరుదుగా, ఏ ఒక్క సగటు కొలతకూ కట్టుబడకుండా ఉన్నాయి. భూకంపాల తీవ్రతలు పాటించే గణితరూపం ఇదే. రేకును వంచి గిన్నె అంచు తీర్చేటప్పుడు ఇలాంటి కోట్ల గంతులు కలిసిపోయి, లోహం నున్నగా ఒదిగినట్టు కనిపిస్తుంది. మైక్రాన్ల స్థాయి యంత్రభాగాన్ని వంచబోతే ఒక్క గంతే దాని ఆకారం మొత్తాన్ని మార్చగలదు, ఏ క్షణాన ఎంత గంతు వస్తుందో ముందుగా చెప్పే మార్గం లేదు. అంత చిన్న భాగాలను వంచి, సాగగొట్టి చేయడం కంటే పొరలుపొరలుగా పేర్చి చేయడం మేలనిపించడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

ఈ పరిశోధనకు ప్రయోజనం ఎక్కువగా ఉన్న మరొక చోటు అణు రియాక్టర్ల లోహాలు. రియాక్టరు గోడల ఉక్కు దశాబ్దాలపాటు న్యూట్రాన్ల తాకిడికి గురై పెళుసుబారుతుంది; దాన్ని పరీక్షించాలంటే చేతివేలంత ముక్క కూడా రేడియోధార్మికత వల్ల దగ్గరికి రానివ్వదు. న్యూట్రాన్లకు బదులు వేగంగా ఉరికే అయాన్లతో కొన్ని రోజుల్లోనే అదే గాయాన్ని కలిగించవచ్చు గాని, ఆ గాయం ఉపరితలం నుంచి చాలాసార్లు కొన్ని మైక్రాన్ల లోతుకే పరిమితం, దాన్ని పరీక్షించడానికి సూక్ష్మస్తంభాల వంటి అతిచిన్న స్థాయి పరీక్షలే దారి. అలాంటప్పుడు స్తంభం చూపే బలంలో గాయం వాటా ఎంత, చిన్నతనం వాటా ఎంత అన్నది తేలాలి. డానియల్ కీనర్, పీటర్ హోసెమన్, ఆండ్రూ మైనర్ తదితరులు 2011లో ప్రోటాన్లతో గాయపరిచిన రాగిని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలోనే నొక్కి దీన్ని తేల్చారు. గాయపడిన రాగిలో కొద్దికొద్ది దూరాల్లోనే చిన్నచిన్న లోపాలు గుత్తులుగా ఏర్పడి డిస్‌లొకేషన్ల దారికి అడ్డుపడతాయి. స్తంభం వ్యాసం ఆ అడ్డంకుల మధ్య దూరానికంటే చాలా పెద్దదిగా ఉన్నంతవరకూ డిస్‌లొకేషన్‌కు గోడకంటే ముందు ఎదురయ్యేది అడ్డంకే, కాబట్టి గోడ ఎక్కడుందన్నది దానికి పట్టదు. దాదాపు 400 నానోమీటర్లకు పైబడిన స్తంభాలు పెద్ద ముక్కల బలాన్నే చూపాయి; అంతకంటే సన్ననివి చిన్న లోహపు తీరును అందుకున్నాయి. గాయపరచని రాగిలోనైతే ఆ తీరు అంతకు ఎన్నో రెట్ల వ్యాసం నుంచే మొదలవుతుంది.